రంగులు నింపే చేతికి గీత పట్టుబడాలంటే

శ్రీకాళహస్తి నుంచి ఒక సోదరి రాశారు: ఎనిమిదేళ్లుగా కలంకారీ వస్త్రాలకు రోజుకూలికి రంగులు నింపుతున్నారు. బొమ్మ గీసేది యజమాని, పేరూ ఆయనదే. పని మానేసి గీత నేర్చుకుని, తన పేరుతో రామాయణ వస్త్రం వేయాలని ఆమె కోరిక. ఆటో నడిపే భర్త 'పిల్లల ఫీజులు ఎలా కడతాం?' అంటున్నారట. 'మా ఇంట్లో ఎవరూ గీసినవాళ్లు లేరు, నాకు ఆ అర్హత ఉందా?' అని కూడా అడిగారు.

అమ్మా, ముందు మీ చివరి మాటకు జవాబు చెబుతాను. మీ ఊళ్లో దాదాపు ఆగిపోయిన ఈ కళకు 1950ల్లో మళ్లీ ఊపిరి పోసింది ప్రభుత్వ శిక్షణ కేంద్రమే. గీత నేర్చుకుంటే వస్తుంది.

మీ ఆయన మాటలో నాకు ఫీజుల భయమే వినిపించింది. మీ కళ మీద చులకన వినిపించలేదు. ఆ భయం న్యాయమైనది కాబట్టి కూలి ఇప్పుడే మానకండి.

పైగా మానవలసిన అవసరమూ లేదు. కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద కసిం (ఇనుము, బెల్లం నీటిలో పులియబెట్టి చేసే నల్లరంగు ద్రవం) తగిలితే నల్లగా పట్టేస్తుందని, ఇక చెరపలేమని మీకు నాకంటే బాగా తెలుసు. ఆ గుడ్డ జోలికి వెళ్లవలసింది చేయి కుదిరాకే. చింతపుల్లల బొగ్గుతో పాత పంచె మీద గీసి, దులిపి, మళ్లీ గీయడానికి ఖర్చేమీ లేదు. కావలసింది రోజూ ఒక గంట, అంతే. మీ ఆయనను ఆ గంట అడగండి. ఆ సమయంలో వంటో, పిల్లల చదువో ఆయన చూసుకోవాలి. ఇది మీరు గట్టిగా అడగవలసిన విషయం, ఇందులో మొహమాటం వద్దు.

ఆరు నెలల తర్వాత కళ్లు, వేళ్లు, చీర మడతలు తడబడకుండా వస్తుంటే వారానికి ఒక రోజు కూలి వదులుకోండి. ఎంత తగ్గుతుందో ముందే ఇద్దరూ కాగితం మీద లెక్క వేసుకోండి. నష్టం ఉంటుంది, లేదని నేను చెప్పను.

రామాయణం అప్పుడే వద్దమ్మా. ఒక్క హనుమంతుణ్ణి వేయండి. యజమాని బొమ్మకు నకలు కాకుండా, మీరు ఊహించుకున్న హనుమంతుణ్ణి. యజమానికి తెలియకుండా దాచి చేయకండి, తీసుకెళ్లి చూపించి తప్పులు చెప్పమనండి. ఆయన ముఖం చిట్లించినా సరే, అంచున మీ పేరు రాశాకే ఆ గుడ్డను అమ్మకానికి పెట్టండి.