గోంగూర, బెండ, చిక్కుళ్ళు జింకల పాలు కాకుండా ఏం చేయాలి?

న్యూజెర్సీలో కొత్తగా కొన్న ఇంట్లో గోంగూర, బెండ, చిక్కుడు వేస్తే తెల్లారేసరికి మోళ్ళే మిగిలాయని, జింకలు రాకుండా ఏ స్ప్రే కొనాలో చెప్పమని మీరు అడిగారు. మాదీ సెంట్రల్ జెర్సీయే, ఇంటి వెనక అంతా చెట్లే. నా మాట వింటే స్ప్రేకి పెట్టే డబ్బు కంచెకి పెట్టండి.

ముందు తిన్నది జింకేనా అని చూసుకోండి. జింకకి పై దవడలో ముందు పళ్ళుండవు. ఆకుని పట్టి లాగుతుంది కాబట్టి కాడ చివర పీచుపీచుగా చిరిగి ఉంటుంది. ఏటవాలుగా, నున్నగా తెగి ఉంటే అది కుందేలు. దానికి రెండడుగుల ఎత్తున చికెన్ వైర్ (సన్న తీగల ఇనుప వల) కట్టి, అంచు కాస్త మట్టిలో పాతితే చాలు.

జింకే అయితే, ఇక్కడి తెల్లతోక జింక 8 అడుగుల ఎత్తు కూడా దూకగలదు. పెరడు మొత్తానికి కంచె వేయాలంటే అంత ఎత్తు కావాలి. చాలా టౌన్‌షిప్పుల్లో 6 అడుగులు దాటితే ఒప్పుకోరు, హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే అది ఇంకో తలనొప్పి. అందుకే మేం పెరడుని వదిలేసి మడులకే కంచె కట్టాం. కాళ్ళు మోపడానికి చోటు కనిపించకపోతే జింక దూకడానికి జంకుతుంది. నాలుగడుగుల వెడల్పు మడి, చుట్టూ ఐదడుగుల నల్ల ప్లాస్టిక్ వల, మూలల్లో టీ-పోస్టులు (నేలలో దిగ్గొట్టే ఇనుప గుంజలు). లోపల చిక్కుడు పందిరి లేచిందంటే ఇక దిగే చోటే ఉండదు. ఇలా కట్టాక మా గోంగూర జోలికి ఏదీ రాలేదు.

వల అడుగున మాత్రం సందు వదలొద్దు. జింక దూకేముందు కింద దూరడానికే చూస్తుంది, కాబట్టి అంచుని నేలకి మేకులతో బిగించండి. మొదట్లో వల వాటికి కనపడక గుద్దుకుని చింపేస్తాయి, అందుకని తెల్లగుడ్డ పీలికలు కట్టండి. వదులుగా వేలాడే వలలో పాములు, పక్షులు చిక్కుకుని చస్తాయి. దయచేసి బిగుతుగా కట్టండి.

కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే స్ప్రేలు పూలమొక్కల మీద బాగానే పనిచేస్తాయి. కానీ గట్టి వాన పడ్డాక, కొత్త చిగురు వేసినప్పుడల్లా మళ్ళీ కొట్టాలి. పప్పులో వేసుకునే ఆకు మీద నేనైతే కొట్టను. మీరు కొట్టాలనుకుంటే తినే మొక్కలకి వాడొచ్చని లేబుల్ మీద ఉందో లేదో చూడండి. సబ్బు ముక్కలు, జుట్టు లాంటివి కొన్నాళ్ళే, తర్వాత జింకలు వాటికి అలవాటు పడిపోతాయి. బంతి మొక్కలుంటే రావని చాలామంది చెప్తారు. మా ఇంట్లో బంతి వరస దాటుకుని వచ్చి మరీ చిక్కుడు తిన్నాయి.

కంచె బయట పుదీనా, వెల్లుల్లి, ఉల్లి వేసుకోండి, వాటి జోలికి సాధారణంగా రావు. పూలమొక్కలు కొనేముందు రట్గర్స్ యూనివర్సిటీ జాబితా చూడండి. జింకలు ఏ మొక్కని ఎంత పాడుచేస్తాయో నాలుగు తరగతులుగా ఇచ్చారు. హోస్టా, ట్యులిప్ మాత్రం వద్దు. లేత చెట్లుంటే సెప్టెంబరు కల్లా కాండం చుట్టూ వల చుట్టండి, మగ జింకలు కొమ్ములు రుద్ది బెరడు ఊడదీస్తాయి.

ఇంకొకటి, పిల్లలున్నారన్నారు కాబట్టి చెప్తున్నా. జింకలు తిరిగే చోట లైమ్ వ్యాధి తెచ్చే నల్లకాళ్ళ పిడుదులు ఉంటాయి, పిల్ల పిడుదు గసగసం గింజంతే ఉంటుంది. పెరట్లోంచి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతకండి. కనిపిస్తే సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిటారుగా లాగండి. తర్వాత దద్దురుగానీ జ్వరంగానీ వస్తే వెంటనే డాక్టరుకి చూపించండి.

మీ మడుల కొలతలు రాస్తే ఎంత వల, ఎన్ని పోస్టులు పడతాయో లెక్కేసి చెప్తాను.