విమానాల్లో వాడే రోటరీ ఇంజన్‌కి ఇంజెక్టర్లు ఎక్కడ ఉంటాయి?

ఇక్కడ రోటరీ అంటే వాంకెల్ రకం, పిస్టన్లకి బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజన్. పెట్రోలు చిమ్మే ఈ ఇంజెక్టర్లు మామూలుగా గాలి లోపలికి వెళ్ళే దారిలోనే ఉంటాయి, మంట పుట్టే చోట కాదు. సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళు ఆర్‌ఎక్స్-7 కారులోంచి తీసి పెట్టుకునే మాజ్డా 13బి సంగతే చూడండి: రెండు రోటర్లకి నాలుగు ఇంజెక్టర్లు, రెండు ప్రైమరీలు (ఎప్పుడూ పనిచేసేవి) రోటర్ల మధ్య ప్లేటులో ఇన్‌టేక్ పోర్టుని, అంటే గాలి లోపలికి పోయే రంధ్రాన్ని ఆనుకుని, రెండు సెకండరీలు ఇంకాస్త వెనక, గాలిని పోర్టుకి తెచ్చే గొట్టాల్లో (మానిఫోల్డ్‌లో). ఐడిల్‌లో పోర్టు పక్కవి చాలు, పెట్రోలు దారిలో గోడలకి అంటుకుపోకుండా వెంటనే లోపలికి పోతుంది. టేకాఫ్‌కి థ్రాటిల్ మొత్తం తెరిస్తే వెనకవీ కలుస్తాయి, ఆ దూరం వల్ల ఇంధనం గాలిలో బాగా కలవడానికి టైమ్ దొరుకుతుంది. స్పార్క్ ప్లగ్ పక్కనే ఇంజెక్టర్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది డైరెక్ట్ ఇంజెక్షన్ (మంట పుట్టే చోటికే నేరుగా చిమ్మడం), వేరే రకం. ఇక మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీల్లో సిలిండర్లే గిరగిరా తిరిగేవి, పేరొక్కటే కలిసింది.