బయోస్ మూసేసిన లాప్‌టాప్‌కి ర్యామ్ కొనేముందు

అమ్మలూ,

ర్యామ్ పెంచుకుందామంటే బయోస్‌లో (మిషన్ ఆన్ చెయ్యగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం) మెమరీ సెట్టింగే కనిపించడం లేదని రాశావు. అది లోపం కాదు. చాలా లాప్‌టాప్‌లకు కంపెనీవాళ్లే ఆ మెనూ మూసేసి పంపిస్తారు. దాన్ని తెరుస్తామంటూ నెట్‌లో దొరికే బయోస్ ఫైళ్ల జోలికి మాత్రం పోకు. తేడా కొడితే మిషన్ ఇక ఆన్ కాదు.

ఆ మెనూ లేకపోవడం వల్ల నీకు తెలియాల్సింది ఒకటే. ప్రతి ర్యామ్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. అందులో జెడెక్ అనే సంస్థ పెట్టిన ప్రమాణం ప్రకారం కొన్ని స్పీడ్లు రాసి ఉంటాయి. గేమింగ్ ర్యాముల్లో వాటితోపాటు ఎక్స్ఎంపీ అని, ఇంకా ఎక్కువ స్పీడ్లతో ఇంకో పట్టిక కూడా ఉంటుంది. అది ఆన్ చెయ్యాలంటే బయోస్‌లో మీట ఉండాలి, నీ దాంట్లో లేదు. అందుకని డబ్బా మీద 3200 అని పెద్దక్షరాలతో ఉన్నా, అది ఎక్స్ఎంపీ స్పీడయితే నీ లాప్‌టాప్‌లో 2400 దగ్గరో 2666 దగ్గరో ఆగిపోతుంది. నీది డీడీఆర్4 రకం ర్యామ్ అయితే 1.2 వోల్టులు, సీఎల్22 (సీఎల్ అంటే డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే ఆలస్యం లెక్క) ఉన్న మామూలు 3200 అడుగు. స్టిక్కర్ మీద పీసీ4-3200ఏఏ అని ఉంటుంది. 1.35 వోల్టులు, సీఎల్16 అని కనిపిస్తే అక్కడే పెట్టేసి వచ్చెయ్.

అదే స్టిక్కర్ మీద 1ఆర్‌ఎక్స్8 అనో 1ఆర్‌ఎక్స్16 అనో ఉంటుంది. ఎక్స్ తర్వాతి అంకె ఒక్కో చిప్ ఎన్ని బిట్ల వెడల్పో చెప్తుంది. ఎక్స్8 తీసుకో. ఎక్స్16లో బ్యాంక్ గ్రూపులు (పని పంచుకునే చిప్ లోపలి భాగాలు) సగమే, అందుకే కొంచెం నెమ్మది. గవర్నరుపేటలో కొన్నా, అరండల్‌పేటలో కొన్నా కవరు చింపకముందే ఈ స్టిక్కర్ చదువు. షాపువాళ్లు జీబీ, ధర చెప్తారుగానీ ఇది నువ్వు అడిగితే తప్ప చూపించరు.

ప్రాసెసర్ హద్దు కూడా చూసుకోవాలి. ఇంటెల్ ఐ5-8250యూ 2400 దాటదు, 10210యూ డీడీఆర్4తో 2666, 1135జీ7 అయితే 3200. హద్దుకు మించిన ర్యామ్ పెట్టినా నష్టమేం లేదు, తగ్గి నడుస్తుంది. పాతదీ కొత్తదీ కలిపితే రెండూ తక్కువదాని స్పీడుకే వస్తాయి.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే స్లాట్లు ఎన్నో తెలుస్తుంది. ఫారమ్ ఫ్యాక్టర్ దగ్గర రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే అతికించినట్టు. బోర్డు మీద 8 జీబీ ఉండి, ఖాళీ స్లాట్లో ఇంకో 8 వేస్తే మొత్తం డ్యూయల్ చానల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, వేగంగా నడుస్తుంది. 16 వేస్తే ఇంటెల్ మిషన్లలో 16 వరకు డ్యూయల్, మిగతా 8 సింగిల్. నువ్వు వీడియో ఎడిటింగ్ చేస్తానన్నావు కాబట్టి నా ఓటు 16కే. ర్యామ్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో 1600 అని కనిపిస్తే కంగారుపడకు, అది సగం లెక్క చూపిస్తుంది, అసలు 3200.

బిగించేటప్పుడు చార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకో. స్టిక్‌ని ఏటవాలుగా, బంగారు రంగు అంచు దాదాపు కనపడనంతగా లోపలికి నెట్టి, అప్పుడు కిందికి వంచు. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ రెండు మూడు నిమిషాలు నల్లగా ఉండొచ్చు. మెమరీ ట్రెయినింగ్, అంటే మిషన్ కొత్త ర్యామ్‌కి సర్దుకోవడం, జరుగుతుంటుంది, మధ్యలో ఆపెయ్యకు.

ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం పెట్టి పడుకో. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ తీసి మళ్లీ బిగించి చూడు. అయినా వస్తే బిల్లుతో సహా షాపులో ఇచ్చి వేరేది తెచ్చుకో.

ఆశీస్సులతో,
మామయ్య