మసాయి మారా లాడ్జ్‌కి పెద్ద సూట్‌కేసులు తీసుకెళ్లొచ్చా? - సమాధానం

అన్నా, జడ్చర్ల నుంచి అమ్మానాన్నలతో ఆగస్టులో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్తున్నామని, చిన్న విమానంలో పెద్ద సూట్‌కేసులు ఎక్కనివ్వరని తెలిసి టెన్షన్‌గా ఉందని రాశారు. నిజమే. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి మారాకు వెళ్లే విమానాల్లో మామూలుగా మనిషికి 15 కిలోలే, అదీ చేతిసంచితో కలిపి. బ్యాగు మెత్తగా ఉండాలి. సూట్‌కేసులు నైరోబీ హోటల్లో ఉంచి వెళ్లండి. చాలా లాడ్జుల్లో బట్టలు ఉతికిస్తారు, మూడు జతలు చాలు. స్వెట్టర్లు మాత్రం మరవొద్దు, పొద్దున్నే ఓపెన్ జీపులో వణుకు పుడుతుంది.

నా అసలు భయం ఎల్లో ఫీవర్ టీకా గురించి. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న 10 రోజులకు గానీ అది చెల్లదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే కనుక్కుని వెళ్లండి. నాన్నగారికి 60 దాటితే మొదట డాక్టర్‌ని అడగాల్సిందే, ఆ వయసులో ఈ టీకాతో రిస్క్ ఎక్కువ. ఆయన షుగర్ మందులు చేతిసంచిలోనే పెట్టండి, భోజనం సంగతి లాడ్జ్‌కి ఇప్పుడే మెయిల్ చేయండి. ఇంకోటి, కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ కవర్లు నిషేధం. అమ్మ సకినాలు కడితే స్టీల్ డబ్బాలో పెట్టమనండి.