హిరోషిగే వాన బొమ్మ రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకుంది?

ఈ వాన బొమ్మ రెండు చోట్ల రెండు రకాలుగా కనిపించిందని, పైగా నీడలు లేక చప్పగా ఉందని అడిగారు కదా. మీరు చూసిన రెండూ అసలైనవే కావచ్చండీ, టెన్షన్ పడకండి. జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసిన ఈ షిన్ ఓహాషి అనే వంతెన మీది వాన బొమ్మ ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉండటానికి కారణం అచ్చు వేసే పద్ధతే. ఒక్కో రంగుకీ వేరే చెక్క దిమ్మె. దాని మీద రంగు పూసేది చేత్తో, బ్రష్‌తో. పైనున్న నల్లమబ్బు కింది అంచు పలచబడి కరిగిపోతుంది చూడండి, దాన్ని బొకాషి అంటారు. తడి దిమ్మె మీద రంగును ఒకవైపు చిక్కగా ఉంచి, మరోవైపు నీళ్లలో కలిసిపోయేలా పులుముతారు. ప్రతి కాగితానికీ మళ్లీ పులమాల్సిందే. అందుకే ఒక ప్రతిలో మబ్బు బరువుగా కిందికి దిగితే, ఇంకోదాంట్లో పలచటి చారలా ఉంటుంది. పైగా కొన్ని రంగులు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి. ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం మాత్రం బాగా నిలుస్తుంది.

ఇక "నీడలే లేవు, చప్పగా ఉంది" అన్నారు. నీడల కోసం వెతక్కండి, జూమ్ చేసి వాన గీతల దగ్గర కాసేపు ఆగండి. అన్నీ ఒకే వాలులో ఉండవు, కొన్ని కొద్దిగా పక్కకు వంగి మిగతావాటిని దాటుతాయి. వాన అందుకే కదులుతున్నట్టుంటుంది. చెక్కేవాళ్లు గీతను తవ్వరు. దానికి అటూ ఇటూ ఉన్న చెక్కను తీసేసి, వెంట్రుకలాంటి గట్టును మిగులుస్తారు. చెయ్యి కాస్త జారితే ఆ గీత పోయినట్టే!

ఆ తర్వాత వంతెన పసుపు చూడండి. చుట్టూ నీలం, బూడిద రంగు ఉండబట్టే అది అంతలా వెలుగుతుంది. 1887లో డచ్ చిత్రకారుడు వాన్ గో ఇదే బొమ్మను నూనె రంగుల్లో వేశాడు. పక్కపక్కన పెట్టి చూడండి, నాకైతే వాన సన్నదనం చెక్క అచ్చులోనే బాగుంది.