గుండు ఏ కాలానిది? నాణెం ఏది?

ప్రశ్న: మెటల్ డిటెక్టర్‌తో వెతికితే తెల్లటి పూత పట్టిన గుండు, అక్షరాలు కనిపించని పచ్చబారిన రాగి నాణెం దొరికాయి. ఇవేమిటో పోల్చుకునేదెలా?

జవాబు: ముందు గుండుకు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, చాలాసార్లు అది బేరింగ్ గుండే. అంటుకోకుండా, సైజుకు మించి బరువుండి, చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తే మూసలో పోసిన సీసపు మస్కెట్ (పాతకాలపు పొడవాటి తుపాకీ) గుండు కావచ్చు. మధ్యగా రంధ్రం ఉంటే మాత్రం గాలానికి కట్టే సీసమని అనుమానించండి. వ్యాసం కొలిచి, తూచండి. ఉదాహరణకు, బ్రౌన్ బెస్ అనే బ్రిటిష్ మస్కెట్ గొట్టం లోపల సుమారు 19 మి.మీ. ఉంటుంది, గుండు మాత్రం 17.5 మి.మీ., దాదాపు 32 గ్రాములు. కాల్చేకొద్దీ గొట్టంలో మసి పేరుకుంటుంది, అయినా గుండు దిగాలని ఆ ఖాళీ వదిలేవారు. ఒకవైపు చదునైతే దేన్నో గట్టిగా తాకిందన్నమాట. తెల్లపూత గీకకండి, లోపలి లోహానికి అదే రక్ష. సీసం విషం, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

నాణేన్ని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో దయచేసి వేయకండి. చాలాసార్లు అక్షరాలు మిగిలేది ఆ పచ్చపూతలోనే, అది కరిగితే అవీ పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వెదురు పుల్లతో మట్టి మాత్రమే తీయండి. చీకటి గదిలో టార్చ్‌ను బాగా ఏటవాలుగా పట్టి ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు నీడల్లో తేలతాయి. బరువు, వ్యాసం, అంచు తీరు రాసుకుని నాణేల కేటలాగుతో పోల్చండి.

ఫిరంగి షెల్, గ్రెనేడ్ లాంటివి కనిపిస్తే తాకకుండా దూరం జరిగి పోలీసులకు చెప్పండి. తుప్పు పట్టినా లోపలి మందు పేలగలదు.