కణితి మాత్రలు మొదలయ్యాకే బెట్టింగ్ పిచ్చి... ఇది వంశపారంపర్యమా?

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. పిట్యూటరీ గ్రంథిలో ప్రొలాక్టినోమా అనే చిన్న కణితి ఉందని డాక్టర్ క్యాబెర్గోలిన్ రాశారు. వారానికి రెండు మాత్రలు వేసుకుంటున్నారు. తలనొప్పి తగ్గింది కానీ, కొన్ని నెలలుగా రాత్రంతా ఫోన్‌లో క్రికెట్ బెట్టింగే. అప్పులు కూడా చేశారు. గతంలో పేకముక్క ముట్టని మనిషి. మా మామగారికి మాత్రం పేకాట వ్యసనం ఉండేది. ఇది మందు వల్లా, వంశపారంపర్యమా? జన్యు పరీక్ష చేయిస్తే తెలుస్తుందా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మందు మీద మీ అనుమానంలో అర్థం ఉంది. క్యాబెర్గోలిన్ మెదడులో డోపమైన్ అనే రసాయనంలా పనిచేస్తుంది. కణితి మీద ఉండే డీ2 గ్రాహకాలను (డోపమైన్ సంకేతాన్ని అందుకునే భాగాలను) పట్టుకుని, కణితి అతిగా విడుదల చేసే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది. అయితే అక్కడితో ఆగదు. ఏదైనా సంతోషం కలిగినప్పుడు 'ఇంకా కావాలి' అనిపించే మెదడు భాగంలో డీ3 గ్రాహకాలు ఎక్కువ. మందు వాటినీ తడుతుంది. అందుకే కొందరిలో జూదం, అదుపులేని షాపింగ్, అతిగా తినడం, లైంగిక కోరికలు విపరీతమవడం కనిపిస్తాయి. ఈ చివరిది మగవాళ్లలో ఎక్కువే, కానీ సిగ్గుపడి చాలామంది చెప్పరు. వారానికి అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాము లాంటి తక్కువ మోతాదుల్లోనూ ఇలా జరగొచ్చు. మందు మొదలెట్టిన కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు బయటపడుతుంది.

ఒకే మాత్ర వేసుకునే వారిలో కొందరికే ఇలా ఎందుకవుతుందన్న ప్రశ్నకు జవాబులో కొంత జన్యువుల్లో ఉంది. డోపమైన్ గ్రాహకాలను తయారుచేసే జన్యువుల్లో మనిషికీ మనిషికీ చిన్న చిన్న తేడాలుంటాయి. ఇదే తరహా మందులు వాడే పార్కిన్సన్స్ రోగుల్లో ఈ తేడాలకూ, జూదం లాంటి అలవాట్లకూ సంబంధం కనిపించింది. ప్రొలాక్టినోమా రోగుల్లో మాత్రం ఆధారాలు ఇంకా తక్కువే. ఏ ఒక్క జన్యువునో చూసి 'ఈయనకు వస్తుంది, ఆయనకు రాదు' అని తేల్చే పరీక్ష లేదు. కాబట్టి దానికి డబ్బు తగలేయకండి, ఇప్పటికే అప్పుల్లో ఉన్నారు! ఆ పరీక్ష కన్నా మీ మామగారి పేకాట సంగతే డాక్టర్‌కు ఎక్కువ పనికొస్తుంది. మందు రాసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న అది. చాలాచోట్ల అడగరు.

మీ వారిని తిట్టి లాభం లేదు, తప్పు చేస్తున్నానని ఆయనకే అనిపించకపోవచ్చు. వెంటనే ఎండోక్రైనాలజిస్ట్‌ను (హార్మోన్ల డాక్టర్‌ను) కలిసి, డబ్బు విషయం సహా అన్నీ చెప్పండి. మోతాదు తగ్గించడమో, మందు ఆపి గమనించడమో, అవసరమైతే ముక్కు ద్వారా ఆపరేషన్ చేసి కణితి తీయడమో ఆలోచిస్తారు. బ్రోమోక్రిప్టిన్‌కు మారినా అదీ ఇదే కోవ మందు, సమస్య మళ్లీ రావొచ్చు. సైకియాట్రిస్ట్ సాయం కూడా అవసరమే. అయితే మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి కనుక డాక్టర్లిద్దరూ మాట్లాడుకోవాలి.

మందు తగ్గించినా, ఆపినా చాలామందిలో ఈ ధోరణి తగ్గిపోతుంది. క్యాబెర్గోలిన్ ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది కాబట్టి మర్నాటికే మార్పు రాదు. అప్పటిదాకా బ్యాంకు కార్డులు, యూపీఐ మీ చేతిలో ఉంచుకోండి. మీ అంతట మీరు మాత్ర ఆపేయొద్దు, కణితి మళ్లీ పెరగొచ్చు. తలనొప్పి తిరగబెట్టినా, పక్క చూపు తగ్గుతున్నట్టు అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.